గేమ్ డెవలప్‌మెంట్‌కు ఈ ల్యాప్‌టాప్ చాలుతుందా? తేల్చుకునేదెలా

ఇంటర్ అయిపోయి బీటెక్ సీటు ఖాయం కాగానే చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్ చర్చ మొదలవుతుంది. అబ్బాయో అమ్మాయో "గేమ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటా" అంటే ఆ చర్చ ఇంకాస్త ముదురుతుంది. షాపులో అడిగితే గేమింగ్ ల్యాప్‌టాప్ తప్పదంటారు, బడ్జెట్ డెబ్బై ఎనభై వేలు దాటుతుంది. కాలేజీ సీనియర్‌ను అడిగితే ఇంట్లో ఉన్న పాతదే చాలంటాడు. 32 జీబీ ర్యామ్ లేకపోతే మొదలుపెట్టడమే దండగని ఒక వీడియో చెబుతుంది. నాలుగు జీబీ ల్యాప్‌టాప్ మీదే గేమ్ పూర్తి చేసి చూపిస్తుంది ఇంకో వీడియో.

వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరి మనసులో ఉన్న గేమ్ వేరు, వాడుతున్న సాఫ్ట్‌వేర్ వేరు. ఆ తేడా చెప్పకుండా కాన్ఫిగరేషన్ ఒక్కటే చెప్పడం వల్ల వినేవాళ్లు అయోమయంలో పడుతున్నారు. దీనికి తోడు 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు గిరాకీ ఎక్కువ కావడంతో తయారీ కంపెనీలు అటే మొగ్గుతున్నాయి. క్రూషియల్ బ్రాండ్‌తో సాధారణ వినియోగదారులకు ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మెమరీ తయారీ కంపెనీ మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. "ఇప్పుడు 8 జీబీ తీసుకుని తర్వాత చవగ్గా పెంచుకుందాం" అన్న పాత లెక్క ఇక అంత సులువుగా కుదరదు.

క్లుప్తంగా

గేమ్ తయారీలో ల్యాప్‌టాప్ శక్తిని చూపేది ఒక మార్పు చేశాక దాని ఫలితం కనబడడానికి పట్టే సమయం. టూడీ గేమ్‌లకు, చిన్న త్రీడీ గేమ్‌లకు ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. 16 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి అయ్యేది అన్‌రియల్ ఇంజిన్ 5 లాంటి గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో చేసే భారీ పనులకు. కొనేముందు ఇప్పుడున్న ల్యాప్‌టాప్ మీద ఒక గంట పరీక్షిస్తే అడ్డుపడుతున్న భాగం ఏదో తెలిసిపోతుంది.

ఆడటం వేరు, తయారుచేయడం వేరు

షాపువాళ్లు గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించడానికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. గేమ్ ఆడటానికి శక్తిమంతమైన మెషీన్ కావాలంటే, తయారుచేయడానికి ఇంకా ఎక్కువ కావాలి కదా అన్న తర్కం అది. సగమే నిజం.

ఆడేవారి చేతికి వచ్చే గేమ్ పూర్తిగా వండి వడ్డించిన భోజనం లాంటిది. బొమ్మలన్నీ కుదించి ఉంటాయి, చాలా గేమ్‌లలో వెలుగు నీడల లెక్కలు ముందే చేసిపెట్టి ఉంటాయి. ఆ దశలో కంప్యూటర్‌కు ఒకటే పని: ప్రతి ఫ్రేమ్‌నూ వేళకు గీయడం. సెకనుకు 60 ఫ్రేమ్‌లంటే ఒక్కో ఫ్రేమ్‌కు 16.6 మిల్లీసెకన్లు. ఈ భారం ఎక్కువగా గ్రాఫిక్స్ చిప్ మీద పడుతుంది.

తయారుచేసేవారి ముందు ఉండేది వంటగది. ఎడిటర్ (గేమ్‌ను కూర్చే సాఫ్ట్‌వేర్) తెరిచి ఉంటుంది, దాని లోపల గేమ్ నడుస్తుంటుంది, పక్కన కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్, బ్రౌజర్‌లో ట్యుటోరియల్ వీడియో, ఒక్కోసారి త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ కూడా. బొమ్మలు కుదించక ముందటి అసలు రూపంలో ఉంటాయి. ఒక్క లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. 4096×4096 పిక్సెళ్ల టెక్స్చర్‌లో, అంటే వస్తువు పైన అతికించే బొమ్మలో, ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్లు చొప్పున, కుదించకపోతే అది మెమరీలో 64 ఎంబీ తీసుకుంటుంది. పిక్సెల్‌కు ఒక బైట్ పట్టే పద్ధతిలో కుదిస్తే 16 ఎంబీ. అదే బొమ్మ 1024×1024 సైజులో ఉంటే కుదించకపోయినా నాలుగు ఎంబీలే. ఒక రాయికో గోడకో రంగుకు ఒకటి, గరుకుదనానికి ఒకటి, గుంటలు మిట్టలకు ఒకటి అంటూ మూడు నాలుగు టెక్స్చర్లు వాడటం మామూలే. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన 4కే బొమ్మలను ఒక సీన్‌లో ఇరవై వస్తువులకు పెట్టేసిన కొత్తవారి ప్రాజెక్టు, అనుభవజ్ఞుల ప్రాజెక్టు కంటే బరువుగా తయారయ్యేది ఇందుకే.

అయినా తయారుచేసేవారికి ఆడేవారికి లేని వెసులుబాటు ఒకటి ఉంది. ఎడిటర్‌లో గేమ్ సెకనుకు 25 ఫ్రేమ్‌లే వచ్చినా పని ఆగదు. క్వాలిటీ తగ్గించుకోవచ్చు, విండో చిన్నది చేసుకోవచ్చు, సీన్‌లో సగం దాచిపెట్టుకోవచ్చు. తప్పించుకోలేనిది ఎదురుచూపు ఒక్కటే. కోడ్‌లో ఒక అంకె మార్చి, సేవ్ చేసి, ప్లే నొక్కి, పాత్ర ఎగిరే ఎత్తు సరిపోయిందో లేదో చూసే పని నేర్చుకునే రోజుల్లో గంటకు పది ఇరవై సార్లు జరుగుతుంది. రోజుకు 60 సార్లు అనుకుందాం. ప్రతిసారీ నాలుగు సెకన్లు పడితే మొత్తం నాలుగు నిమిషాలు. నలభై సెకన్లు పడితే నలభై నిమిషాలు. ఆ నలభై సెకన్లలో చెయ్యి ఫోన్ మీదకు పోతుంది, ఆలోచన తెగిపోతుంది. నేర్చుకోవడం మధ్యలో ఆగిపోవడానికి ఇది చిన్న కారణం కాదు.

ముందు ఇంజిన్, తర్వాతే ల్యాప్‌టాప్

బండి కొనేముందు మోసే సరుకేమిటో తెలియాలి. ఇక్కడ సరుకు ఇంజిన్, అంటే గేమ్‌ను కూర్చి నడిపే సాఫ్ట్‌వేర్.

గోడో ఇంజిన్‌ను అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మంజూర్ రూపొందించారు. 2014లో ఓపెన్ సోర్స్ అయింది, ఇప్పుడు వాడకంలో ఉన్న నాలుగో తరం 2023 మార్చిలో వచ్చింది. సాధారణ వెర్షన్ డౌన్‌లోడ్ వంద ఎంబీ లోపే, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడే ఫార్వర్డ్ ప్లస్, మొబైల్, కంపాటిబిలిటీ అని మూడు రెండరర్లలో (తెర మీద బొమ్మ గీసే పద్ధతులు) ఒకటి ఎంచుకోమంటుంది. మూడోది ఓపెన్‌జీఎల్ అనే పాత గ్రాఫిక్స్ ప్రమాణం మీద నడుస్తుంది కాబట్టి పాత ల్యాప్‌టాప్‌లకు దాన్నే ఎంచుకోవాలి. మొదటి రెండింటికీ వల్కన్ లాంటి కొత్త గ్రాఫిక్స్ ప్రమాణం కావాలి. ఆరో తరానికి ముందటి ఇంటెల్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కు విండోస్‌లో వల్కన్ సపోర్ట్ లేదు. "గోడో నా ల్యాప్‌టాప్‌లో ఓపెన్ కావట్లేదు" అనేవారికి చాలాసార్లు కావాల్సింది కొత్త ల్యాప్‌టాప్ కాదు, ఈ ఎంపిక మార్చుకోవడమే.

యూనిటీ మధ్యస్థం. ఇది 2005 నుంచి ఉంది, కోడ్ సీ షార్ప్‌లో రాయాలి. దిగుమతి చేసుకున్న ప్రతి బొమ్మనూ తనకు అనుకూలమైన రూపంలోకి మార్చి, ప్రాజెక్టులోని లైబ్రరీ ఫోల్డర్‌లో దాచుకుంటుంది. చిన్న ప్రాజెక్టుకూ ఆ ఫోల్డర్‌లో వేల ఫైళ్లు చేరతాయి. కోడ్ మార్చి ప్లే నొక్కితే, ఎడిటర్‌లో నడుస్తున్న సీ షార్ప్ కోడ్ మొత్తాన్ని తీసేసి మళ్లీ ఎక్కించే డొమైన్ రీలోడ్ జరుగుతుంది. తెర మీద చిన్న పెట్టె వచ్చి నిలిచే ఆ కొన్ని సెకన్లే యూనిటీలో ఎదురుచూపు. ప్లే మోడ్ సెట్టింగుల్లో ప్లే నొక్కినప్పుడు జరిగే రీలోడ్‌ను ఆపుకోవచ్చు. అప్పుడు కోడ్‌లో ఉమ్మడిగా వాడే స్టాటిక్ వేరియబుళ్ల పాత విలువలు అలాగే మిగిలిపోతాయని గుర్తుంచుకోవాలి.

అన్‌రియల్ ఇంజిన్ 5 కథ పూర్తిగా వేరు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఈ తరంలో కోట్ల త్రిభుజాలున్న మోడళ్లను నేరుగా వాడుకోనిచ్చే నానైట్, వెలుగును అప్పటికప్పుడు లెక్కగట్టే లూమెన్ ప్రధాన ఆకర్షణలు. తయారీదారు ఎపిక్ సూచించే కాన్ఫిగరేషనే 32 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ. ఇన్‌స్టాల్‌కే పదుల జీబీల చోటు పడుతుంది. ప్రాజెక్టు మొదటిసారి తెరిచినప్పుడు కుడివైపు కింద "కంపైలింగ్ షేడర్స్" అని వేలల్లో అంకె కనబడి నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. షేడర్లంటే రంగు, వెలుగు ఎలా కనబడాలో గ్రాఫిక్స్ చిప్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాములు. ఆ సమయంలో టాస్క్ మేనేజర్ తెరిస్తే షేడర్‌కంపైల్‌వర్కర్ అనే ప్రోగ్రామ్ ఒకటి కాదు, వరుసగా చాలా కనిపిస్తాయి. ప్రాసెసర్‌లోని కోర్లన్నిటికీ పని పంచుతోందన్నమాట. నాలుగు కోర్ల ల్యాప్‌టాప్‌కూ పద్నాలుగు కోర్ల ల్యాప్‌టాప్‌కూ తేడా కళ్లకు కట్టేది ఇక్కడే.

అసలు మొదటి మెట్టుకు ఇవేవీ అక్కర్లేకపోవచ్చు. అమెరికా విశ్వవిద్యాలయం ఎంఐటీ 2007లో విడుదల చేసిన, బ్లాకులు పేర్చి కోడ్ చేసే స్క్రాచ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. జావాస్క్రిప్ట్ వచ్చినవారికి బ్రౌజర్ గేమ్‌లు చేసే ఫేజర్ ఉంది. లక్షల కాపీలు అమ్ముడైన వాంపైర్ సర్వైవర్స్ గేమ్ మొదటి రూపం ఫేజర్‌లో చేసిందే. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీని ఎరిక్ బరోన్ ఒక్కరే తయారుచేశారు, చిన్న చిన్న పిక్సెల్ బొమ్మలతో. అమ్ముడుపోయే గేమ్‌కూ భారీ కాన్ఫిగరేషన్‌కూ నేరుగా సంబంధం లేదనడానికి ఈ రెండూ చాలు.

ముందుగా చేతులెత్తేసేది ర్యామ్

కొత్తవారి ల్యాప్‌టాప్‌లో మొదట ఇబ్బంది పెట్టే భాగం ఏదని అడిగితే చాలాసార్లు జవాబు ర్యామే. లెక్క చూద్దాం. 8 జీబీ ర్యామ్‌లో విండోస్ 11, దాని వెనక నడిచే ప్రోగ్రాములు కలిపి మూడు నాలుగు జీబీలు తీసుకుంటాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ కూడా ఇందులోంచే వాటా తీసుకుంటుంది. బ్రౌజర్‌లో ట్యుటోరియల్‌తో పాటు ఇంకో అరడజను ట్యాబులు తెరిస్తే ఒకటి రెండు జీబీలు. మిగిలిన దాంట్లో ఇంజిన్, కోడ్ ఎడిటర్ సర్దుకోవాలి. గోడో సర్దుకుంటుంది. యూనిటీ ఇరుకుగా సర్దుకుంటుంది. అన్‌రియల్‌కు కుదరదు.

ర్యామ్ నిండితే కంప్యూటర్ ఆగిపోదు, అదే చిక్కు. విండోస్ కొంత డేటాను డిస్కు మీదకు తోసి, అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. బయటికి కనిపించేది ఒక్కటే: అన్నీ నెమ్మదించడం. బ్రౌజర్ నుంచి ఎడిటర్‌కు మారితే రెండు మూడు సెకన్లు తెర తెల్లబోతుంది. చాలామంది దీన్ని ప్రాసెసర్ చాలకపోవడమని పొరబడి ల్యాప్‌టాప్‌నే మార్చేస్తున్నారు.

ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ ఎంత ఉందన్నదే కాదు, ఎలా అమర్చారన్నదీ ముఖ్యమే. ఇంటెల్ కోర్ ఐ5-1235యు ఉన్న ల్యాప్‌టాప్‌ను తీసుకుందాం. బ్రోషర్‌లో ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ అని ఉంటుంది. ఇంటికి తెచ్చి డివైస్ మేనేజర్‌లో చూస్తే యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని కనిపించవచ్చు. మోసమేమీ జరగలేదు. ఒకే 8 జీబీ ర్యామ్ స్టిక్ ఉంటే మెమరీ సింగిల్ చానెల్‌లో, అంటే డేటాకు ఒకే దారితో, నడుస్తుంది. ఐరిస్ ఎక్స్‌ఈ అన్న పేరు, దానికి తగ్గ వేగం డ్యూయల్ చానెల్ మెమరీ ఉంటేనే వస్తాయని ఇంటెల్ నిబంధన. ఖాళీ స్లాట్‌లో ఇంకో స్టిక్ పెట్టి ఆన్ చేస్తే అదే ల్యాప్‌టాప్‌లో అదే చోట పేరు మారి కనిపిస్తుంది. డీడీఆర్4-3200 మెమరీకి సింగిల్ చానెల్‌లో సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీల డేటా కదిలితే డ్యూయల్ చానెల్‌లో 51.2 జీబీలు. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఈ దారి మీదే ఆధారపడుతుంది కాబట్టి గేమ్‌లో ఫ్రేమ్‌ల సంఖ్య కంటికి తెలిసేంత పెరుగుతుంది. అలాంటి ల్యాప్‌టాప్‌కు ఒక్క స్టిక్ కొనడంతో రెండు పనులు జరుగుతాయన్నమాట.

డిస్కు సంగతి

హార్డ్ డిస్కు మీద గేమ్ డెవలప్‌మెంట్ చేయొద్దు. ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం వేల చిన్న ఫైళ్లు. హార్డ్ డిస్కులో ప్రతి ఫైల్ కోసం ముల్లు కదలాలి, పళ్లెం తిరగాలి. అలా సెకనుకు వంద చుట్టుపక్కల చదవగలదు. వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ పదుల వేలు, అంతకన్నా ఎక్కువే చదువుతుంది. పెద్ద సినిమా ఫైల్ కాపీ చేసినప్పటి తేడా కంటే ఇంజిన్ తెరిచినప్పటి తేడా చాలా ఎక్కువగా ఉండేది ఇందుకే. చవక ల్యాప్‌టాప్‌లలో కనిపించే 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజ్‌తో ఇంకో ఇబ్బంది: విండోస్ పోగా మిగిలే చోటులో యూనిటీ, దానికి ఆండ్రాయిడ్ బిల్డ్ కోసం కావాల్సిన ఎస్‌డీకే, ఎన్‌డీకే అనే టూల్స్ పట్టవు. యూనిటీకి 256 జీబీ ఎస్ఎస్‌డీ ఇరుకు, 512 హాయి.

ఇంకో చిన్న చిక్కు తరచూ ఎదురవుతుంది. విండోస్ 11లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు తెలియకుండానే వన్‌డ్రైవ్‌కు అనుసంధానమై ఉంటాయి. ప్రాజెక్టు అక్కడే పెడితే లైబ్రరీ ఫోల్డర్‌లో మారిన ప్రతి ఫైలూ ఇంటర్నెట్‌కు ఎక్కుతూ ఉంటుంది. ఎడిటర్ నత్తనడకకు అదే కారణం కావచ్చు. ప్రాజెక్టును సీ డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్‌లో పెడితే ఆ బెడద తీరుతుంది.

ఐ5, రైజెన్ 5 అన్న మాట ఎంత చెబుతుంది

దాదాపు ఏమీ చెప్పదు. 2016లో వచ్చిన కోర్ ఐ7-7500యులో రెండే కోర్లు. ఏడాది తర్వాత వచ్చిన ఐ5-8250యులో నాలుగు. ఐ7 కదా అని సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువ డబ్బు పెట్టి మొదటిది కొన్నవారు నష్టపోయినట్టే. చివరి అక్షరం కూడా చూడాలి. యు అంటే తక్కువ కరెంటుతో నడిచేది, హెచ్ అంటే ఎక్కువసేపు ఎక్కువ శక్తి తీసుకోగలిగేది. ఐ5-1235యు బేస్ పవర్ 15 వాట్లు, ఐ5-12450హెచ్‌ది 45 వాట్లు. పది సెకన్ల పనిలో ఈ తేడా అంతగా తెలియదు. పావుగంట షేడర్ కంపైల్‌లో బాగా తెలుస్తుంది.

ఏఎండీ పేర్లు ఇంకా తికమక పెడతాయి. రైజెన్ 5 7520యు అని చూడగానే ఏడు వేల సిరీస్, కొత్తది అనిపిస్తుంది. దాని లోపల ఉన్నది 2019లో మొదలైన జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు, చిన్న గ్రాఫిక్స్ చిప్. పైగా దానికి పనికొచ్చేది ఎల్‌పీడీడీఆర్5 మెమరీయే కాబట్టి ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేరు. పక్కనే ఉండే 7530యులో జెన్ 3 డిజైన్, ఆరు కోర్లు ఉంటాయి. ఈ సిరీస్‌లో గుట్టు మూడో అంకెలో ఉంది: 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. తర్వాత వచ్చిన రైజెన్ ఏఐ పేర్లకు ఈ సూత్రం వర్తించదు.

కోర్ల సంఖ్య ఒక్కటే చూసినా పొరపాటే. షేడర్ కంపైల్, లైట్ బేకింగ్ (వెలుగు నీడలను ముందే లెక్కగట్టడం) లాంటివి ఎన్ని కోర్లుంటే అన్నిటికీ పంచుకుంటాయి. యూనిటీ డొమైన్ రీలోడ్, గేమ్ లాజిక్‌లో ఎక్కువ భాగం ప్రధానంగా ఒకే కోర్ మీద నడుస్తాయి. మొదటి ఏడాదిలో ఎక్కువగా ఎదురయ్యేది రెండో రకం పనే.

గ్రాఫిక్స్ కార్డు

టూడీ, తక్కువ త్రిభుజాల త్రీడీ, మొబైల్ గేమ్‌లు: వీటికి గత ఐదారేళ్లలో వచ్చిన ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ చాలు. అన్‌రియల్‌లో లూమెన్, నానైట్‌తో పనిచేయాలన్నా, బ్లెండర్‌లోని సైకిల్స్ రెండరర్‌తో తరచూ రెండర్ చేయాలన్నా విడిగా కార్డు ఉండాలి.

కార్డు కొనేటప్పుడు పేరుతో పాటు రెండు అంకెలు అడగాలి. ఒకటి వీడియో మెమరీ. ల్యాప్‌టాప్ ఆర్‌టీఎక్స్ 3050 మామూలుగా 4 జీబీతో వస్తుంది, 4050లో 6 జీబీ, 4060లో 8 జీబీ. ఆడే గేమ్‌కు నాలుగు సరిపోయినా, ఎడిటర్‌లో పైన చెప్పుకున్న బరువైన టెక్స్చర్లతో అవి త్వరగా నిండుతాయి. రెండోది వాట్లు. 4050కి ఎన్‌విడియా ఇచ్చిన పరిధి 35 నుంచి 115 వాట్లు. పలచని ల్యాప్‌టాప్‌లో 35 దగ్గర నడిచే 4050, మందపాటి దాంట్లో 115 దగ్గర నడిచే 4050, రెండింటి మీదా ఒకే స్టిక్కర్ ఉంటుంది.

కార్డు లేనివారు అన్‌రియల్‌ను పూర్తిగా పక్కన పెట్టేయనక్కర్లేదు. 16 జీబీ ర్యామ్ ఉంటే లూమెన్, నానైట్, వర్చువల్ షాడో మ్యాప్స్ ఆపేసి, ఇంజిన్ స్కేలబిలిటీ సెట్టింగ్‌ను లో లేదా మీడియంలో పెట్టి బ్లూప్రింట్లతో (కోడ్ రాయకుండా పెట్టెలను గీతలతో కలిపే పద్ధతి) గేమ్ లాజిక్ నేర్చుకోవచ్చు. మెరుపులు ఉండవు, పని మాత్రం జరుగుతుంది.

ఏప్రిల్, మే నెలల లెక్క

కాన్ఫిగరేషన్ కాగితం మీద ఎక్కడా రాయనిది వేడి. ప్రాసెసర్ బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లలో చాలావాటికి ఆ హద్దు 100 డిగ్రీలు. ఫ్యాన్ లోపలికి లాగేది గదిలో గాలినే. ఏసీ గదిలో 25 డిగ్రీల గాలితో చల్లబడే ల్యాప్‌టాప్‌కూ, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో 40 డిగ్రీల గదిలో నడిచే ల్యాప్‌టాప్‌కూ పదిహేను డిగ్రీల తేడా మొదట్లోనే ఉంది. వీడియో రివ్యూల్లో చూపించే అంకెలు ఎక్కువగా చల్లని గదుల్లోవి.

మంచం మీద, దుప్పటి మీద పెట్టుకుంటే కింద గాలి వెళ్లే రంధ్రాలు మూసుకుపోతాయి. రెండు మూడేళ్లు వాడిన ల్యాప్‌టాప్ ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుపోయి, థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది. శుభ్రం చేయించి పేస్ట్ మార్పిస్తే పోయిన వేగంలో చాలావరకు తిరిగొస్తుంది. దీనికి అయ్యే ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న ముక్క. చార్జర్ పెట్టకుండా బ్యాటరీ మీద నడిపితే కూడా చాలా ల్యాప్‌టాప్‌లు, ముఖ్యంగా గేమింగ్‌వి, వేగం తగ్గించేస్తాయి. కరెంటు పోయినప్పుడు ఎడిటర్ ఒక్కసారిగా మందగించడానికి కారణం ఇదే.

ఇంట్లో ఉన్నదాని మీద ఒక గంట పరీక్ష

కొత్తది కొనాలా వద్దా అన్నది నేర్చుకోవాలనుకున్న ఇంజిన్‌నే వేసి చూస్తే తేలుతుంది. గోడో అయితే దాని ఉచిత డెమో ప్రాజెక్టు ఒకటి, యూనిటీ అయితే యూనిటీ హబ్‌లోని త్రీడీ టెంప్లేట్, అన్‌రియల్ అయితే థర్డ్ పర్సన్ టెంప్లేట్ తెరవాలి. మొదటిసారి తెరవడానికి పట్టే సమయాన్ని పట్టించుకోనక్కర్లేదు, అప్పుడు ఇంజిన్ అన్నీ సిద్ధం చేసుకుంటుంది. మూసి మళ్లీ తెరిచినప్పుడు ఎంత పట్టిందో చూడాలి. తర్వాత కోడ్‌లో ఒక అంకె మార్చి, సేవ్ చేసి, ప్లే నొక్కి, గేమ్ కదిలేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాలి. ట్యుటోరియల్ వీడియో కూడా నడుస్తుండాలి, ఎందుకంటే నిజంగా నేర్చుకునేటప్పుడు అది ఉంటుంది. అలాగే అరగంట పనిచేశాక ఇదే కొలత మళ్లీ తీయాలి.

పది సెకన్లలోపు వస్తే ఆ ల్యాప్‌టాప్‌తో మొదటి ఏడాది నిశ్చింతగా గడుస్తుంది. ముప్పై దాటుతుంటే కారణం వెతకాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్. మెమరీ పేజీలో కమిటెడ్ అని, ప్రోగ్రాములన్నీ కలిపి అడిగిన మెమరీని చూపే అంకె ఒకటి ఉంటుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో అది 11, 12 చూపిస్తుంటే తక్కువపడేది ర్యామ్. ప్లే నొక్కినప్పుడు డిస్కు గీత 100 శాతం తాకి అక్కడే నిలిచి, ప్రాసెసర్ ఖాళీగా ఉంటే తప్పు డిస్కుది. మొదటి కొలత బాగుండి, అరగంట తర్వాతి కొలత బాగా పెరిగితే, ప్రాసెసర్ పేజీలో గిగాహెర్ట్జ్ అంకె పడిపోయి ఉంటే అది వేడి. కార్డు ఉన్నవారు జీపీయూ పేజీలో డెడికేటెడ్ మెమరీ నిండిందేమో చూడాలి. ఇవేవీ కాకుండా ప్రాసెసర్ అన్ని కోర్లూ చాలాసేపు 100 శాతంలో ఉంటేనే ల్యాప్‌టాప్ మార్చే ఆలోచన న్యాయమైనది. డ్యూయల్ కోర్ సెలెరాన్ ఎన్4020 లాంటి చిప్‌లలో ఇది కనిపిస్తుంది. ఆరు వాట్ల ఆ చిప్ స్క్రాచ్‌కు, ఫేజర్‌కు సరిపోతుంది, యూనిటీకి సరిపోదు.

మొబైల్ గేమ్ చేసేవారికి ఇంకో మాట. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ అంటే ల్యాప్‌టాప్ లోపల ఇంకో ఫోన్‌ను నడపడం, ర్యామ్‌ను జీబీల లెక్కన తినేస్తుంది. దాని బదులు చేతిలో ఉన్న ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెడితే గేమ్ నేరుగా ఫోన్‌లోనే నడుస్తుంది. ల్యాప్‌టాప్ మీద భారం తగ్గుతుంది, గేమ్ అసలు నడవాల్సిన చోట ఎలా ఉందో కూడా తెలుస్తుంది. ఐఫోన్ గేమ్ చేయాలంటే మాత్రం విండోస్ ల్యాప్‌టాప్ ఎంత ఖరీదైనదైనా చివరికి మ్యాక్ అవసరం పడుతుంది, ఎందుకంటే దానికి కావాల్సిన ఆపిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్ మ్యాక్‌లోనే నడుస్తుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి

పాతదానికి ఎస్ఎస్‌డీ లేకపోతే మొదటి ఖర్చు అదే. తర్వాత ర్యామ్. ఈ రెండూ ఉన్నా చాలకపోతేనే కొత్తది. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది, విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారిక మద్దతు. అందువల్ల సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లు చూసేవారు ఎనిమిదో తరం కంటే కిందికి దిగకపోవడం మంచిది. ఏడో తరం ఇప్పటికే ఇంట్లో ఉంటే లైనక్స్ వేసి గోడో నడుపుకోవచ్చు.

కొత్తది కొనేవారు షాపులో డెమో పీస్ మీదే టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ పేజీ చూడాలి. కింద "స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2" అని ఉంటే ఒక స్లాట్ ఖాళీగా ఉందని అర్థం, 8 జీబీతో తీసుకుని తర్వాత పెంచుకునే దారి ఉంది. దాని పక్కన ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికి ఉందని. వేరే స్లాట్ లేకపోతే ఆ ల్యాప్‌టాప్ ఉన్నన్నాళ్లూ అంతే ర్యామ్, కాబట్టి 16 జీబీ మోడల్‌కే బిల్లు వేయించుకోవాలి.